నాలుగు వేళ్ళ మైనం

రా అమ్మలూ, ఇలా దగ్గరికి జరుగు. ఆ చాప జల్లుకు తడుస్తోంది, ఇటు లాగు. మైనం గిన్నె ఇప్పుడే దించాను, పదునుకు రావడానికి ఇంకాస్త సేపు పడుతుంది. ఈలోగా నీకో సంగతి చెబుతాను. చేతులకు పనుంది గానీ చెవులు ఖాళీయే కదా.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. మెకాంగ్ ఒడ్డున మన ఊళ్ళో మొక్కుల మైనపు ఒత్తులు చేసేది మా అమ్మ ఒక్కతే. వానల వ్రతం దగ్గరపడుతోంది. భిక్షువులు మూడు నెలలు విహారం వదిలి వేరే ఊళ్ళకు వెళ్ళని కాలం అది. అమ్మకు అన్నం తినే తీరిక కూడా లేదు. ఒకరోజు ఏటి నుంచి నీళ్ళ కావడితో వచ్చేసరికి మా పొయ్యి ముందు ఎవరో అబ్బాయి గొంతుకూర్చుని ఊదుతున్నాడు. గిన్నెలోంచి పొగ.

"ఎవరు నువ్వు? మా పొయ్యి దగ్గర నీకేం పని?"

"ఖమ్‌తాన్‌ని. ఎగువ ఊరు. మైనం తెచ్చా. పెద్దమ్మ ఇంట్లో లేదు, ఊరికే కూర్చోవడం ఎందుకని కరిగిస్తున్నా."

"కరిగిస్తున్నావా, తగలెడుతున్నావా? పొగ వస్తోంది చూడు. మైనానికి ఇంత వేడి పనికిరాదు!"

"వేడెక్కితేనే కదా కరిగేది?"

"కరగడం వేరు, పదును వేరు. పొగదాకా పోయిన మైనం ఆరాక పెంకులు పెంకులుగా పగులుతుంది. తేనెటీగలకి కష్టం, నీకు మోత, మాకు పెంకులు!"

తలెత్తి నవ్వాడు. తలనిండా గుబురు జుట్టు, అందులో ఒక ఎండుటాకు. "మైనం సంగతి సరే. నువ్వెప్పుడు చల్లారతావు?" అన్నాడు.

ఆ ఆకు తీసెయ్యాలని నా చెయ్యి ఎందుకు లాగిందో నాకు ఇప్పటికీ తెలీదు.

తను తెచ్చిన మైనం తనే చెడగొట్టాడు కాబట్టి మర్నాడు మళ్ళీ తెచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వస్తే ఊరికే ఉంటాడా? "నేర్పు" అన్నాడు. నేర్పాను. గుడ్డలో వడగట్టాలి. గిన్నె అంచు చుట్టూ తెల్లని గీత పడేదాకా ఆగాలి. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుంటే చురుక్కుమనకూడదు. అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో పోసి పిసకాలి.

"ఎంతసేపు పిసకాలి?"

"చెవి తమ్మెలా మెత్తగా వంగేదాకా."

"ఎవరి చెవి?"

"నీదే పట్టుకుని చూసుకో, ఆయ్ ఖమ్‌తాన్." పెద్దవాడు కదా, ఆయ్ అనే పిలిచేదాన్ని. పట్టుకుని చూసుకున్నాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. నావి చూసుకోవడానికి అద్దం లేదు.

ఆ వేసవిలోనే వాళ్ళమ్మ పోయిందట. ఆమె పుణ్యం కోసం ఈ వానలు మూడు నెలలూ భిక్షువుగా ఉంటానని మొక్కుకున్నాడు. అలా వెళ్ళేవాడికి అతని తల చుట్టుకొలత ఎంతో అంత పొడుగు ఒత్తి చెయ్యాలి, నీకు తెలుసు కదా. అమ్మ దారం నా చేతికిచ్చి, "నా కళ్ళు ఆనడం లేదు బువా, నువ్వు కొలువు" అంది. అమ్మ ఆ కళ్ళతోనే సూదిలో దారం ఎక్కించేది!

దారం తల చుట్టూ తిప్పాను. వేళ్ళు అతని తలకు తగలకుండా పట్టుకున్నాను.

"గట్టిగా పట్టు, తల ఊడిపోదులే."

"కదలకు."

"ఊపిరి కూడా పీల్చకూడదా?"

కొసలు కలిపి గబుక్కున తుంచేశాను. ఆ కొలతకే ఒత్తి పేని, మైనం చుట్టాం.

"మూడు నెలలేగా," అన్నాడు, నేను అడక్కుండానే. "తర్వాత వస్తా."

"ఎందుకు?"

"మైనం పదును నాకింకా రాలేదుగా."

గుండు చేసిన రోజు ఊరంతా వచ్చింది. పెద్దాయన బున్‌మీ తాత ఆ మెత్తని ఒత్తిని బోడి తల చుట్టూ చుట్టి చూశాడు. కొసలు కలవలేదు సరికదా, ఒకదాన్నొకటి దాటి నాలుగు వేళ్ళు పోయాయి.

"ఇది ఎవరి కొలతే? దున్నపోతుదా?"

జనం విరగబడి నవ్వారు. జుట్టు మీద నుంచి కొలిచానన్న సంగతి నాకప్పుడు తట్టింది. అమ్మ నా చెవి దగ్గరికి వంగి, "జుట్టుకి రెండు వేళ్ళు పోతాయి. మిగతా రెండూ దేనికి వదిలావే?" అంది. నేలలోకి కుంగిపోయాననుకో. వేడి కత్తితో ఎక్కువున్న ముక్క కోసి, ఎవరూ చూడకుండా నడుం మడతలో దోపుకున్నాను.

ఆ తర్వాత మూడు నెలలు నేను చూసింది అతని పాదాలే. రోజూ తెల్లారగానే వీధి అంచున మోకాళ్ళ మీద కూర్చుంటాం. భిక్షువులు వరసగా వస్తారు. తల దించుకుని గిన్నెలో అన్నం ముద్ద పెట్టాలి. పలకరించకూడదు, చెయ్యి తగలకూడదు. వరసలో ఏడో జత అతనివి. వాన బురదలో కూడా ఆ అడుగుల చప్పుడు పోల్చుకునేదాన్ని. ఒకరోజు ఎడమ మడమ పగిలి, ఆకు కట్టుకుని ఉంది. ఇంటికొచ్చి కొబ్బరినూనెలో మైనం కరిగించి మందు చేశాను. నాన్న చేత విహారానికి పంపాను. నాలుగోనాటికి ఆ మడమ నున్నగా మెరిసింది. ఆ రోజు నా ఎదుట ఆ పాదాలు ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగాయి. అంతే. ఆ ఒక్క క్షణంతో నేను ఒక నెల గడిపాను.

వ్రతం ముగుస్తుందనగా పక్కింటి పిన్ని వార్త మోసుకొచ్చింది. "ఆ కుర్రాడు బాగా చదువుతున్నాడట. పెద్ద భిక్షువు గారు పట్నం విహారానికి పంపుతారట. ఇంక అటే."

వాళ్ళమ్మ కోసం వెళ్ళినవాడు. తిరిగి రావాలని కోరుకుంటే ఆమె పుణ్యానికి అడ్డం పడినట్టవుతుందేమోనని, కోరుకోవడానికి కూడా భయపడ్డాను. నడుం మడతలో ముక్క తడుముకునేదాన్ని. ఒంటి వేడికి అది ఎప్పుడూ మెత్తగానే ఉండేది.

వ్రతం ముగిసిన రాత్రి ఏటిలో దీపాల పడవలు వదిలాం. మూడోరోజు తెల్లవారి వరసలో ఏడో చోట వేరే పాదాలు వచ్చాయి. ముద్ద పెట్టాను. ఇంటికొచ్చి మైనం పొయ్యి మీద పెట్టి కూర్చున్నాను, చూపు ఎటో.

"పొగ వస్తోంది. మైనానికి ఇంత వేడి పనికిరాదు."

గరిటె చేతిలోంచి జారిపోయింది. గుమ్మంలో తెల్ల చొక్కా, సొరకాయలాంటి గుండు.

"ఏడుస్తున్నావా, బువా?"

"పొగ."

"సరే, పొగే."

"పట్నం వెళ్ళలేదా?"

"గురువుగారు పంపుతానన్నారు. మనసు పదునుకు రావడం లేదని చెప్పా. ఎక్కడ వస్తుందో అక్కడికే వెళ్ళమన్నారు."

"మడమ మానిందా?"

"మందు ఎవరు చేశారని అడగలేదు. చెవి తమ్మెలా ఉంది, తెలిసిపోయింది."

అమ్మతో పెళ్ళి మాట ఎత్తాడు. అమ్మ ఊరుకుంటుందా? దాచి ఉంచిన కొలత దారం తెచ్చి గాల్లో ఆడించింది. "గుండుతో పెళ్ళికొడుకేమిటయ్యా? ఇది నీ తలకి బిగువుగా సరిపోయిన రోజు రా, పిల్లనిస్తాను."

వారం వారం వచ్చేవాడు, కొలిపించుకుని పోయేవాడు. కోతలు అయిపోయాయి. జుట్టు బాగానే పెరిగింది, అయినా దారం రెండు వేళ్ళు వదులే. ఉండదా మరి? ఆ రెండు వేళ్ళూ జుట్టువి కావు, నా సిగ్గువి. ఆ మాట అమ్మకు తెలుసు, నాకు తెలుసు. పాపం అతనికి తెలీదు.

చివరికి ఒకరోజు తల బుట్టలా పొంగించుకుని వచ్చాడు. అమ్మ దారం చుట్టింది. కొసకు కొస కలిసింది! నాకు అనుమానం వచ్చి జుట్టు మీద వేలు పెట్టి చూశాను. మెత్తగా వంగింది, పగల్లేదు. మైనం! అమ్మకు కనబడకుండా వేలు వెనక్కి దాచుకున్నాను.

అమ్మ వంగి వాసన చూసింది. అతను ఊపిరి బిగబట్టాడు.

"పదును బాగా కుదిరింది," అంది అమ్మ. "అల్లుడికి పనొచ్చేసింది."

ఆ నాలుగు వేళ్ళ ముక్క ఇదిగో, నా తాంబూలం పెట్టెలో ఉంది, ముట్టుకో. మీ తాత వింటే ఆ రోజు మైనం రాయలేదనే అంటాడు, నమ్మకు. ఈ సంగతి మరిచిపోకు తల్లీ. రేపు నీ పిల్లలు ఈ పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఇలాగే చెప్పు, ఆ రెండు వేళ్ళు దేనికి వదిలానో మాత్రం దాచకుండా చెప్పు. ఊఁ, గిన్నె అంచున తెల్లగీత పడింది. చెయ్యి పెట్టు.