ముప్పై ఏడో విశేషం

ఆ ఆఫీసులో అతన్ని అందరూ తప్పులాయన అనేవారు. పిల్లల పుస్తకాల్లో రాసింది నిజమో కాదో చూసి దిద్దడం అతని ఉద్యోగం. ఆ రోజు అతని బల్ల మీదికి ‘మన రాష్ట్రం: నూరు విశేషాలు’ ప్రూఫు వచ్చింది. రాసింది ఎదురు కుర్చీలో కూర్చునే అమ్మాయి. ఆమె పెట్టిన కామా కొట్టేయడానికి కూడా అతనికి మనసొప్పదు. ఈసారి మాత్రం ఒళ్లు మండింది.

ప్రతి విశేషం పక్కనా అది ఎవరు చెప్పారో రాయడం అక్కడి పద్ధతి. అన్నిటికన్నా ఎత్తయిన కొండ: సర్వేయర్ చెప్పారు. గాజు ఫ్యాక్టరీలన్నీ ఇసుక కోసం ఏటి ఒడ్డునే వెలిశాయి: సర్వేయర్ చెప్పారు. పాత రాజధాని నీళ్లు చాలక ఖాళీ అయింది: మళ్లీ ఆయనే!

"ఈ సర్వేయర్‌కి వేరే పనేం లేదాండీ?"

"రాష్ట్రమంతా కాలినడకన కొలిచారు తెలుసా? పాపం, ఎంత ఓపిగ్గా చెప్తారో!"

"పాపం దేనికి? జీతం తీసుకునేగా నడిచింది!"

అమ్మాయి కిసుక్కున నవ్వింది. తన మాటకు నవ్విందో, సర్వేయర్‌ని తలుచుకుని నవ్విందో అతనికి అంతుపట్టలేదు.

సాయంత్రం వాన మొదలైంది. సర్వేయర్ గొడుగు పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆరడుగుల మనిషి. ఎండకి నల్లబడి ఇంకా బాగున్నాడు, అదొకటి! ఇద్దరూ ఒకే గొడుగులో వెళ్తుంటే తప్పులాయన కిటికీ దగ్గర నిలబడి పళ్లు నూరాడు. తర్వాత ఎర్ర పెన్ను తీశాడు.

ముప్పై ఏడో విశేషం: ‘మన రాష్ట్రంలో అన్నిటికన్నా పొడవైన నది సముద్రం చేరదు. ఉప్పు సరస్సులో కలిసిపోతుంది.’ పక్కన సర్వేయర్ పేరే.

"సముద్రం చేరని నదా! కోతలకైనా హద్దుండాలి!"

మ్యాపు తెరవకుండానే ‘సముద్రంలో కలుస్తుంది’ అని దిద్ది సంతకం పెట్టేశాడు. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో అలా చేయడం అదే మొదటిసారి.

పొద్దున్నే మనసు పీకింది. ఆఫీసుకు రాగానే మ్యాపు తెరిచాడు. నది వంకర్లు తిరిగి తిరిగి ఉప్పు సరస్సు దాకా వెళ్లి అక్కడే ఆగింది. కింద ప్రెస్సులో మిషన్ అప్పటికే మోగుతోంది. అట్ట మీద ఉండేది ఆమె పేరు. ఊరూరా పిల్లలు చదివేది ఆమె రాసిన తప్పే అవుతుంది. నిజం చెబితే సర్వేయర్‌దే గెలుపు, తన పరువు గంగలో కలిసినట్టే. అయినా మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

"ఆపండి! మిషన్ ఆపండి!"

చీఫ్ ఎడిటర్ వచ్చింది. ఆవిడ ఆ అమ్మాయికి స్వయానా మేనత్త. వెనకే మేనకోడలూ వచ్చింది. ఆగిన మిషన్ మళ్లీ తిరగాలంటే ఎందుకాపారో కాగితం మీద రాసివ్వాలి, ఆవిడ సంతకం పెట్టాలి.

"ఏమైందయ్యా?"

"ఒప్పుని తప్పుగా దిద్దానండీ. నది సరస్సులోనే కలుస్తుంది."

"నువ్వా? ఎందుకూ?"

అతను కాగితం తీసుకుని ఒక్క మాట రాసిచ్చాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని పైకే చదివింది.

"అసూయ."

ప్రెస్సంతా గొల్లున నవ్వింది. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"సర్వేయర్ మీదా?"

"అవునండీ. మీరు ఆయన్ని పెళ్లి చేసుకున్నా సరే, పుస్తకంలో తప్పు ఉండకూడదు."

"నిన్న గొడుగులో ఆయన అదే అడిగాడు."

"మీరేమన్నారు?"

"కుదరదన్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? మూడేళ్లుగా ఎదురుగా కూర్చున్న మనిషి నా ప్రూఫులే చూస్తాడు, తలెత్తి నన్ను చూడడని చెప్పనా?"

అత్తయ్య కాగితం తిరిగి అతని చేతిలో పెట్టింది. "కారణం సగమే రాశావు. సగం కాగితానికి నేను సంతకం పెట్టను."

అతను కింద ఇంకో వాక్యం రాశాడు. ఈసారి ఆవిడ పైకి చదవలేదు. మేనకోడలికి అందించింది. ఆ అమ్మాయి రెండుసార్లు చదువుకుంది. చెంపలు కందిపోయాయి.

"సంతకం పెట్టెయ్ అత్తా."

"మరి మీ నాన్న?"

"నువ్వు చెప్తే కాదంటారా?"

అత్తయ్య సంతకం గీకి, కాగితం అతని చేతికిచ్చి, మిషన్ తిప్పమని సైగ చేసింది. "అన్నయ్యతో నేను మాట్లాడతాలే. నువ్వు మాత్రం, అబ్బాయ్, ఈ కాగితం ఫైల్లో పెట్టకు. మా పిల్లకే ఇచ్చెయ్."