మూడో బంతి

వనభోజనాలకు వండిన నూకరత్నం చెయ్యి విషమని పక్క క్వార్టరు లక్ష్మీకుమారి అందట. ఆ మాట సతీష్‌కుమార్‌కి వాళ్లమ్మ మోసుకొచ్చింది. పులిహోర తిన్నవాళ్లలో కొందరు ఇల్లు చేరకముందే వాంతులు చేసుకున్నారట. నూకరత్నాన్ని వంటకు పిలిచే ఇళ్లన్నీ వద్దని కబురు పెట్టాయట.

సాయంత్రానికి ఆ నూకరత్నమే ప్రొఫెసర్ అహల్య గుమ్మంలో నిలబడింది. అహల్య కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. భిలాయిలో ఎవరికే చిక్కొచ్చినా కూపీ లాగిపెడుతుంది. సతీష్ ఆవిడ పాత శిష్యుడు, ఇప్పుడు అదే కాలేజీలో లెక్చరర్. కూపీలకు స్కూటరూ తోడూ అతనే.

"ఆదివారం తెలుగు సంఘం కమిటీ కూకుంటాదటమ్మా. వంటోళ్లలో నా పేరు కొట్టీసినారంటే కోహ్కాలో గది ఖాళీ సేసి ఎలిపోవాల. వండి, వడ్డించే ఆడోళ్లకి అప్పగించీసినాను. నానేటీ కలపనేదు," అంది నూకరత్నం.

మర్నాడు రిసాలి క్వార్టర్లన్నీ తిరిగారు. నీళ్ల గురించీ, నూనె గురించీ అడుగుతుందనుకున్నాడు సతీష్. ఆవిడ అందరినీ అడిగింది ఒకటే: "ఏ బంతిలో కూర్చున్నారు? పులిహోర తిన్నారా?"

తెలుగు సంఘం సెక్రటరీ గురునాథరావు ఇంకా నీరసంగానే ఉన్నాడు. "మేం ఏర్పాట్లు చూసేవాళ్లం కదండీ, ఆఖరున మూడో బంతిలో కూర్చున్నాం. రెండు ముద్దలకే నోట్లో రాగి పైసా చప్పరించినట్టయింది."

ఆయన భార్య లక్ష్మీకుమారి కాఫీ తెచ్చింది. "ఛోడియే మేడమ్, లెక్కలెందుకు? ఆ మొహం చూస్తేనే తెలుస్తుంది."

వరండాలో ఒక ఇత్తడి గంగాళం లోపలా బయటా బంగారంలా మెరుస్తోంది. సతీష్ మెచ్చుకున్నాడు.

"మా అత్తగారిది భయ్యా. అటక మీద పడి లోపలంతా తెల్లగా మురికి పట్టేసింది. ఇటుకపొడీ చింతపండూ వేసి నేనే తోమాను. వనభోజనాలకి అదే పట్టుకెళ్లాను."

అహల్య కాఫీ నిదానంగా తాగి లేచింది. సతీష్‌కి మెరుపు తప్ప ఏమీ కనపడలేదు.

ఆదివారం సంఘం హాల్లో అందరినీ కూర్చోబెట్టి, అహల్య బోర్డు మీద గళ్లు గీసింది.

"చెయ్యే విషమైతే మూడు బంతుల్లోనూ ఇంచుమించు ఒకే వంతున పడిపోవాలి. ముందు రెండు బంతుల్లో ఎవరికీ ఏమీ కాలేదు. మూడో బంతిలోనూ పులిహోర ముట్టనివాళ్లు బాగున్నారు. కాకతాళీయంగా ఇలా పడడమన్నది దాదాపు జరగదు. వండిన చెయ్యి మూడింటికీ ఒకటే. మరి మారిందేమిటి?"

"గిన్నె," అన్నాడు సతీష్, తనకు తెలియకుండానే.

"అంతే. రెండో బంతి లేచాక మిగిలిన పులిహోరని స్టీలు గిన్నెలోంచి గంగాళంలోకి మార్చామని వడ్డించినవాళ్లే చెప్పారు. మూడో బంతి వేసేదాకా అందులోనే ఉంది. లక్ష్మీకుమారి గారూ, మీరు తోమేసింది మురికి కాదు, లోపల వేసిన తగరం పూత, కళాయి. అది పోయిన ఇత్తడిలో పులుపు పెడితే కిలుం ఎక్కుతుంది. ఆ రాగి రుచీ, వెంటనే వాంతులూ దానివల్లే."

లక్ష్మీకుమారి తల దించుకుంది. "పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మా ఇంట్లో అన్నీ స్టీలేనండీ. కళాయంటే నాకేం తెలుసు?"

ముందు గురునాథరావు నవ్వాడు, తర్వాత హాలంతా నవ్వింది. ఎవరో టీ చెప్పారు.

"నూకరత్నం, వచ్చే ఆదివారం మా ఇంట్లో వ్రతం. వంట నీదే," అన్నాడు గురునాథరావు.

"వండుతాను బాబూ," అంది నూకరత్నం చెంగు దోపుకుంటూ. "ఇన్నేళ్లూ నా సేతి తిండి తిన్నోళ్లే కదా మీరందరూ. అది ఇషమన్ననాడు, కాదని ఒక్కలైనా అన్నారేటి?"