రోజుకు పది

ఆదివారం, అందులోనూ వాన. నాచారం సర్కారు బడి వరండాలో టేబుల్ వేసుకుని కూర్చున్న హరిచందన ముందు ఓ బియ్యం సంచి దబ్బున పడింది. బురదనీళ్ళు చిమ్మి ఆమె చీర మీదా, కళ్ళజోడు మీదా పడ్డాయి.

"ఓటు ఫారాలు మేడమ్! మా బస్తీ యూత్ అంత తిరిగి నింపిచ్చినం. జర తీస్కోండ్రి, పనైపోతది," అన్నాడు సంచి తెచ్చిన కుర్రాడు, తల విదిలించుకుంటూ. మరికాసిని నీళ్ళు.

హరిచందన కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ బడిలో ఆమె మూడో తరగతి టీచరు. బూత్‌లో ఓటర్ల జాబితా చూసే పని కూడా ఆమెకే అంటగట్టారు. మూడో తరగతి పిల్లలే నయం, చెబితే వింటారు.

"కుదరదండి."

"ఏం కుదరదు?"

"ఈ సంచి. సంఘాలు పోగుచేసి తెస్తే నేను తీసుకోకూడదు. ఎవరి ఫారం వాళ్ళివ్వాలి, లేదా వాళ్ళింట్లో వాళ్ళు ఇవ్వొచ్చు. పార్టీ నియమించిన బూత్ ఏజెంటైతే రోజుకు పది."

"నేను ఏజెంటునే! గోవర్ధన్ నా పేరు. మా మొగిలయ్య మామ పార్టీల లీడరు, ఆయనే పెట్టిచ్చిండు." జేబులోంచి తడిసిన నియామక పత్రం తీసి టేబుల్ మీద పరిచాడు.

"అయితే పది తీయండి."

"ఏంది మేడమ్, సంచెడుంటే పదేనా? గిట్లయితే దసరా దాక తిరగాల్నా నేను?"

"తిరగండి. నాకేం అభ్యంతరం లేదు."

గోవర్ధన్ పళ్ళు నూరుకుంటూ పది ఫారాలు తీశాడు. ఆమె వాటిని తిరగేసింది.

"ఈ ఇళ్ళకి మీరు స్వయంగా వెళ్ళారా?"

"పోరగాళ్ళు పోయిన్రు."

"స్వయంగా విచారించానని సంతకం పెట్టాల్సింది మీరు. అబద్ధమని తేలితే కేసు కూడా మీ మీదే. చూసొచ్చి అప్పుడివ్వండి. సంచి పట్టుకెళ్ళండి. బురద నేనుంచుకుంటాను."

దేశంలో రూల్సన్నీ ఈమె ఒక్కతే చదివిందా అని తిట్టుకుంటూ గల్లీల్లో పడ్డాడు గోవర్ధన్. మొదటి గల్లీలోనే ఒకతనికి మౌలాలిలో ఇప్పటికే ఓటుంది. పక్కింటి అమ్మాయికి పద్దెనిమిది ఇంకా నిండలేదు. ఆ రెండింటి మీదా తను సంతకం పెట్టబోయాడు! ఆ రెండు ఫారాలూ విడిగా తీసి పెట్టాడు.

మర్నాడు సాయంత్రం బడి వదిలే వేళకి వచ్చి, నెమ్మదిగా అన్నాడు.

"పనికిరానియి పక్కకు దీసిన, మేడమ్. ఇయి మాత్రం పక్కా."

ఆమె మొదటిసారి నవ్వింది. కొంప మునిగింది అక్కడే.

ఆ తరువాత రోజూ రావడమే. సంచి పలచబడుతున్నకొద్దీ అతనికి దిగులు పెరిగింది. చివరికి ఒకరోజు ఒక్క ఫారమే తెచ్చాడు.

"ఈరోజు ఒక్కటేనా?"

"వానకు తిరగలేకపోయిన మేడమ్."

హరిచందన బయటికి చూసింది. ఎండ మండిపోతోంది.

ఇంకోరోజు రెండు కప్పుల టీ తెచ్చాడు. ఆమె ముట్టుకోలేదు.

"వద్దండి. మీరు పార్టీ మనిషి. జాబితా బయటికొచ్చేదాకా మీ చేతి మంచినీళ్ళు కూడా తాగను."

"వచ్చినంక?"

ఆమె తలొంచుకుని ఫారాలు సర్దుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. గోవర్ధన్ ఆ రెండు టీలూ తనే తాగేశాడు, రాత్రంతా నిద్ర పట్టలేదు. తప్పు టీది కాదు.

లోకం ఊరుకుంటుందా? నిప్పు లేనిదే పొగ రాదని ఎదుటి పార్టీవాళ్ళు ఫిర్యాదు పెట్టారు: టీచరూ ఏజెంటూ ఒకటే, ఆ ఫారాలన్నీ బోగస్. ఒక్కటి దొంగదని తేలినా హరిచందన సస్పెండవుతుంది. రాత్రులు చదివి తెచ్చుకున్న ఉద్యోగం అది.

"మీరిక బడికి రాకండి," అంది గోవర్ధన్‌కి ఫోన్ చేసి.

శ్యామలాదేవి అనే పెద్దాఫీసరు వచ్చి గడప గడపా తిరిగింది. వెనకే హరిచందన. గల్లీ మూల మీద, తిండి సహించని మొహంతో గోవర్ధన్. అన్నీ సరిపోయాయి. చివరి ఫారం మైసమ్మ అనే ఆవిడది. ఆ ఇంటికి తాళం.

"మైసమ్మనా? ఆ పేరుతోని ఇక్కడెవ్వరు లేరు," అంది పై పోర్షన్‌లో కొత్తగా దిగినావిడ.

ఆఫీసరు పెన్ను మూత తీసింది. హరిచందన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరది తాళం కాడ?" కూరగాయల సంచితో ఓ ముసలమ్మ వచ్చింది. "నేనే మైసమ్మను. ఈ కింది పోర్షన్ల నేనే ఉంట." అంతలో మూల మీది గోవర్ధన్‌ని చూసింది. "మళ్ళచ్చినవా బిడ్డా? ఇంకేం తప్పువట్టింది మీ టీచరమ్మ?"

"ఏ టీచరు?" అంది ఆఫీసరు.

"నేనైతే సూడలే. మస్తు ఖచ్చితమంట. ఫోటో మసకున్నదని ఒకపారి, ఇంటి నంబరు తప్పని ఒకపారి పిలగాన్ని తిప్పి పంపింది. తిడ్తదవ్వా అనుకుంటనే నవ్వుతడు వీడు!"

శ్యామలాదేవి ఇద్దరినీ మార్చి మార్చి చూసి పెన్ను మూత పెట్టేసింది.

"ఇంత తిప్పలు పెట్టే స్నేహం నేనెక్కడా చూడలేదు. ఫిర్యాదులో పస లేదు."

హరిచందన గోడకి ఆనుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. గోవర్ధన్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. మైసమ్మ అతని చేతిలో ఓ జామకాయ పెట్టింది.

జాబితా బడి గోడకెక్కింది. మైసమ్మ పేరు చక్కగా ఉంది. ఆ సాయంత్రం గోవర్ధన్ రెండు టీలతో వచ్చాడు.

"మామకు చెప్పి ఏజెంటు పని ఇడిచిపెట్టిన. ఇప్పుడు నేను ఏ పార్టీ మనిషిని గాదు."

ఆమె కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. "చల్లారిపోయింది."

"ధైర్యం జాల్లేదు, గేటు కాడనే నిలవడ్డ." ఊపిరి పీల్చుకున్నాడు. "టీచర్, మీరంటే నాకిష్టం. రోజుకు పదే అన్నప్పుడు మస్తు తిట్టుకున్న. తర్వాత, రోజుకు ఒక్కటే అని రూలు పెడితే ఎంత మంచిగుండు అనుకున్న."

వాన మొదలైంది. ఈసారి నిజం వానే.

"నా ఓటు ఉప్పల్‌లో ఉంది," అంది ఆమె, కప్పులోకి చూస్తూ. "ఎప్పుడైనా నాచారానికి మార్చుకోవాలంటే నా చేతికి నా ఫారం ఎవరిస్తారు? మీరిప్పుడు ఏజెంటు కూడా కాదు."

గోవర్ధన్‌కి తొలిరోజు విన్న రూలు గుర్తొచ్చింది.

"ఇంటోళ్ళు ఇయ్యొచ్చు గద, టీచర్?"

"ఇవ్వొచ్చు. కానీ స్వయంగా ఇల్లు చూడకుండా సంతకం పెట్టకూడదు, మర్చిపోయారా? ఆదివారం ఉప్పల్ రండి. నాన్నగారు ఇంట్లోనే ఉంటారు."

"వస్త! మామను గూడ తోల్కొని వస్త!"

"రండి," అంది హరిచందన, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "సంచి మాత్రం తేకండి."