అమ్ము పేరు రాసిన రాయి

ఆ రాయి తెమ్మని అడిగింది భానుమతే. డిమెల్లో గారిని అనడానికేం లేదు, పాపం.

తొంభై ఆరులో సంగతి. శ్రీరామమూర్తి, భార్య భానుమతి దోహా వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లా వెనకవైపు రెండు గదులు వాళ్ళవి. ఏడేళ్ళ కూతురు అమ్ముకి పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. ఇనప కడ్డీల బూటు తొడిగితే గానీ నిలబడలేదు. కుడికాలు టక్‌మని పడేది, బూటుకాలు జుర్రుమని ఈడ్చుకుంటూ వచ్చేది. టక్… జుర్రు… టక్… జుర్రు… వంటింట్లో ఉన్నా పిల్ల ఎక్కడుందో తల్లికి తెలిసిపోయేది. ఆ చప్పుడు ఆగిపోయి పిల్ల అందరిలా నడవాలని ఆమె మొక్కని దేవుడు లేడు.

డిమెల్లో మూర్తి ఆఫీసులోనే డ్రాఫ్ట్స్‌మన్, గోవా మనిషి. వేసవి సెలవులో స్పెయిన్ వెళ్ళి, కొండల మీదుగా నెలరోజుల పైన నడిచి, ఒక సెయింటు సమాధి ఉన్న చర్చికి చేరాలని మొక్కుకున్నాడు. దారిలో ఓ కొండ మీద పొడుగాటి కర్రకి ఇనప శిలువ ఉంటుందట. నడిచేవాళ్ళంతా ఇంటి దగ్గర్నుంచి ఒక రాయి మోసుకెళ్ళి దాని కింద వదిలేస్తారట. మనసులో బరువు ఆ రాయితోనే పోతుందట. ఇది విన్నాక భానుమతి ఊరుకుంటుందా? వాకిట్లో తెల్లటి గులకరాయి ఏరి, రంగు పెన్నుతో ‘అమ్ము’ అని రాసి ఆయన చేతిలో పెట్టింది. అంతటితో ఆగినా బాగుండేది. తీర్థం వెళ్ళినవాళ్ళు ప్రసాదం తేకపోతే ఎలాగండీ అంది. అక్కడ అలాంటివి ఉండవన్నాడాయన. అయితే ఆ శిలువ కింది రాయే ఒకటి తెండి అంది.

అమ్ము రాయి అక్కడ వదిలి, ఒకటి తెచ్చాడు. నల్లటి రాయి, కోడిగుడ్డంత. అక్కడ అందరూ వదిలేవాళ్ళే తప్ప తీసుకునేవాళ్ళని చూడలేదని నసుగుతూనే ఇచ్చి, వెంటనే వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. భానుమతి మాత్రం మహా సంబరంగా పసుపు రాసి, బొట్టు పెట్టి, వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున్న అమ్ము అరికాళ్ళకి బురద. నల్లటి, తడి బురద. దోహాలో వాన పడి మూడు నెలలైంది. గదంతా పచ్చిగడ్డి వాసన. దుప్పటి లాగి చూస్తే పిల్ల మడమల మీద బొబ్బలు.

రాత్రంతా ఒక అక్క చెయ్యి పట్టుకుని కొండల్లో నడిపించిందంది అమ్ము. కలగంది కాబోలు అనుకుంది తల్లి. కానీ కాళ్ళు ఒత్తుతుంటే చచ్చుకాలు వెచ్చగా తగిలింది! నాలుగోనాటికి వేళ్ళు కదిలాయి. ఆరోనాటికి పిల్ల గోడ పట్టుకుని నిలబడింది. బూటు తీసి తలుపు వెనక మేకుకి తగిలించారు. డాక్టరు చెప్పిన వ్యాయామం పనిచేసిందని మూర్తి మురిసిపోయాడు. రోజూ పొద్దున్నే బురద కడిగేస్తున్న సంగతి భానుమతి ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదోనాడు జడ వేస్తుంటే పిల్ల నెమ్మదిగా అంది, “అక్క మన ఇల్లెలా ఉంటుందని అడిగిందమ్మా. నా మంచం ఏ వైపో చెప్పాను.”

“ఏ అక్క?”

“రాయి అక్క. నువ్వు నాకేం వండుతావో కూడా అడిగింది.”

భానుమతి జడ వదిలేసి లేచింది. డిమెల్లోకి ఫోన్ చేసింది. శిలువ దగ్గర్నుంచి చర్చికి ఎన్నాళ్ళ నడకని అడిగింది. పది రోజులన్నాడు. ఇవాళ తొమ్మిది; అమ్ము రాత్రి నడక రేపటితో ముగుస్తుంది. రాయి తీసుకెళ్ళి సముద్రంలో పారేస్తే పీడ పోతుంది. మరి కాలు? మళ్ళీ చచ్చుబడిపోతే? ఇంకొక్క రోజు, కాలు పూర్తిగా రానీ, అనుకుంది ఆ తల్లి. ఆశ ఎంత పని చేయిస్తుందో చూడండి.

పదోనాడు మధ్యాహ్నం అమ్ము నిద్రపోయింది. మూర్తి మెసైమీర్ సైటులో డ్యూటీలో ఉన్నాడు. నాలుగింటికి ఇసకగాలి లేచింది. ఆకాశం ఎర్రబడి, తర్వాత నల్లబడింది. కరెంటు పోయింది. కిటికీ సందుల్లోంచి దుమ్ము… ఆ దుమ్ములో పచ్చిగడ్డి వాసన…

ఇక లాభం లేదనుకుని భానుమతి దేవుడి అలమార తెరిచింది.

రాయి లేదు. అది ఉన్నచోట తడి మరక.

పరుగెత్తింది. అమ్ము మంచం దిగి నిలబడి ఉంది. తల్లి వైపు నడిచి వచ్చింది. తడబాటు లేదు. ఈడ్పు లేదు. రెండు కాళ్ళూ సమానంగా పడుతున్నాయి. వచ్చి నడుం చుట్టూ చేతులు వేసింది. ఎన్నేళ్ళ కోరిక! భానుమతికి ఏడుపు ముంచుకొచ్చింది. వంగి పిల్ల తల ముద్దు పెట్టుకుంది. జుట్టు తడిగా ఉంది. ఊపిరి చల్లగా ఉంది.

అప్పుడు వినబడింది. సందు చివర… గాలి హోరులో…

టక్… జుర్రు…

భానుమతి తలుపు వెనక్కి చూసింది. మేకు ఉంది. బూటు లేదు.

టక్… జుర్రు… టక్… జుర్రు… గేటు దాటింది. బాగా అలిసిపోయిన నడక. ఆగిపోవాలని ఇన్నేళ్ళూ మొక్కుకున్న చప్పుడు. పిల్ల అడుగు తల్లికి తెలియదా? గుమ్మం దాకా వచ్చి ఆగింది. తలుపు మీద, బాగా కిందగా, చిన్న చెయ్యి తట్టింది.

“తీయకమ్మా…” నడుం చుట్టూ ఉన్న చేతులు బిగుసుకున్నాయి. “గాలి.”

భానుమతి ఆ చేతులు విదిలించుకుని గడియ లాగింది.

ఎవరూ లేరు. దుమ్ము ముఖాన కొట్టింది. గుమ్మంలో ఒక తెల్లటి గులకరాయి ఉంది. దాని నిండా తడి బురద. కొంగుతో తుడిచింది. తన చేత్తో రాసిన అక్షరాలే. అమ్ము.

రాయి గోరువెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది.

వెనకనుంచి సమానమైన అడుగులు వచ్చి ఆమె పక్కన ఆగాయి.

“దాన్ని బయటే ఉండనీ అమ్మా,” అంది ఆ పిల్ల. “ఆకలేస్తోంది. ఏం వండావు?”