గార్డుగారి స్టేషన్లో ఆగిపోయిన ఆకుపచ్చ వ్యాగన్

"మీ జేబులో ఏముంది?"

వాచీ బాగు చేయించుకుందామని వచ్చిన పెద్దమనిషిని దొంగని నిలదీసినట్టు అడిగితే ఎలా? పళ్ళ డాక్టరు బిక్కమొహం వేశాడు. రోజుకి నలభై నిమిషాలు ముందుకి పరిగెడుతున్న అతని వాచీని, వాచీలు బాగుచేసే అమ్మాయి దిక్సూచి పక్కన పెట్టి చూస్తోంది. దిక్సూచి ముల్లు కాస్తా గిర్రున తిరిగి అతని కోటు జేబుకేసి చూపించింది.

"అబ్బే, ఏం లేదండీ. అయస్కాంతాలు."

"ఎన్ని?"

"పన్నెండు."

"అయస్కాంతం సోకితే వాచీ ముందుకి పరిగెడుతుంది. నా బల్ల మీద పదిహేడు వాచీలున్నాయి! ముందు బయటికి నడవండి. ఏం మాట్లాడినా మెట్ల దగ్గర నిలబడి మాట్లాడండి."

అలా పళ్ళ డాక్టరు ప్రేమ మెట్ల దగ్గర మొదలైంది. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని రెండో కంటితో ఉరిమి చూసే అమ్మాయి అంత బాగుంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు పాపం.

"ఇంతకీ అన్ని అయస్కాంతాలు దేనికి?" అందామె.

"రైలుకండీ. అంటే, చిన్న రైలు. వ్యాగన్ అగ్గిపెట్టంత ఉంటుంది. పట్టాల మధ్య అయస్కాంతం బిగిస్తే వ్యాగన్లని కలిపే కొక్కేలు వాటంతటవే తెరుచుకుంటాయి. చెయ్యి పెట్టకుండానే వ్యాగన్లు విడిపోతాయి."

ముప్పై ఏళ్ళొచ్చినా రైలుబండితో ఆడుకునేవాడని నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. భూతద్దం తీసి పక్కన పెట్టింది.

"చెయ్యి పెట్టకుండానా? నాన్నా, ఒకసారి ఇలా రా!"

వాళ్ళ నాన్న గూడ్సుబండి గార్డుగా చేసి రిటైరైన మనిషి. షాపు వెనకే ఇల్లు. హాల్లో గోడ పొడుగునా బల్ల, దాని మీద బొమ్మరైలు పట్టాలు, ఒక స్టేషను. అక్కణ్ణించి పట్టాలు గోడలోని కన్నం గుండా కూతురు పనిచేసుకునే గదిలోకి దూరి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ హాల్లోకి వస్తాయి. గార్డుగారు సన్నటి పుల్లతో కొక్కేలు తప్పించి ఏ వ్యాగన్ని ఎక్కడ వదలాలో అక్కడ వదిలేవారు. ఏడాదిగా చేతులు వణుకుతున్నాయి. పుల్ల పెడితే బండి మొత్తం బోల్తా పడుతోంది.

"ఇప్పుడు ఊరికే తిప్పి చూస్తున్నాను బాబూ, టిక్కెట్టు కొన్న ప్రయాణికుడిలాగా," అన్నారాయన. నవ్వుతూనే అన్నారు గానీ కూతురు మొహం తిప్పేసుకుంది.

"వచ్చే శనివారం నేనొస్తానండీ," అన్నాడు పళ్ళ డాక్టరు. ఆ శనివారం అతనికి ఇద్దరు పేషెంట్లున్నారన్న సంగతి మెట్లు దిగాక గుర్తొచ్చింది.

మొదటి శనివారం తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా గట్టి అయస్కాంతం బిగించాడు. ఆడపిల్ల ముందు నాసిరకం పెడతామా? వ్యాగన్ల ఇరుసులు ఉక్కువని తెలుసుకోవడం మాత్రం మరిచిపోయాడు. బండి దాని మీదికి రాగానే టక్కున ఆగిపోయింది. ఇంజను లాగుతుంటే వ్యాగన్లు రామని మొరాయించాయి.

"డాక్టరుగారూ, మీ క్లినిక్కులో కూడా ఇలాగే లాగుతారా?" అంది వాచీలమ్మాయి.

రెండో శనివారం మరీ బలం లేనిది తెచ్చాడు. అది అక్కడున్నట్టు బండికి తెలియనే లేదు. నాలుగో శనివారానికి లెక్క కుదిరింది. పట్టాల మధ్య రెండు సన్నటి అయస్కాంతపు బద్దలు. బండి లాగుతూ వెళ్ళిపోతే ఏమీ కాదు. దాని మీద ఆపి, రవ్వంత వెనక్కి నెడితే కొక్కేలు వదులై విడిపోతాయి. గార్డుగారు వణికే వేలితోనే మీట తిప్పారు. వ్యాగన్ స్టేషన్లో నిలబడిపోయింది, బండి ముందుకి సాగిపోయింది.

"నేను ముట్టుకోలేదమ్మా! చూశావా, ముట్టుకోనే లేదు!" ఆయన చిన్నపిల్లాడిలా అరిచారు. కూతురు కళ్ళు తుడుచుకుంది. పళ్ళ డాక్టరు కూడా తుడుచుకున్నాడు గానీ, దుమ్మని బుకాయించాడు.

అలాంటిదే ఇంకోటి, బండి ఆపే మీటతో సహా, కూతురి గదిలోనూ బిగించారు, ఆమె బల్లకి ఆరడుగుల దూరంలో. ఆరో శనివారానికి పని మొత్తం అయిపోయింది. అదే వచ్చిన చిక్కు. ఏడో శనివారం రావడానికి వంక లేదు. ఎదుటివాళ్ళ నోరు తెరిపించడమే వృత్తిగా ఉన్నవాడు తన నోరు తెరవలేక ఆరు వారాలుగా చస్తున్నాడు.

గార్డుగారి రైల్వేలో ఒక నియమం ఉంది. చీటీ లేనిదే వ్యాగన్ కదలదు. సరుకేమిటి, ఎక్కణ్ణించి, ఎక్కడికి, అన్నీ రాసి వ్యాగన్లో పెట్టాలి. ఆ ఆరో శనివారమే, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటుండగా పళ్ళ డాక్టరు గబగబా ఒక చీటీ రాసి, చివరి ఆకుపచ్చ వ్యాగన్లో పడేశాడు.

"సరుకు: ఒక పళ్ళ డాక్టరు. ఎక్కడికి: వాచీల బల్ల దగ్గరికి. ఇష్టమైతే ఉంచుకోండి. లేకపోతే వ్యాగన్ని ఇదే బండికి తిప్పి పంపండి, ఏమీ అనుకోను."

చివరి మాట పచ్చి అబద్ధం.

బండి కదిలింది. కన్నానికి ఇంకో జానెడు దూరం. అప్పుడు గార్డుగారు, ఈమధ్య దొరికిన సరదా కొద్దీ, బండిని స్టేషన్లో ఆపి రవ్వంత వెనక్కి నెట్టారు.

ఆకుపచ్చ వ్యాగన్ ఆయన ముక్కు కింద విడిపోయింది. మిగతా బండి ఎంచక్కా కన్నంలోకి వెళ్ళిపోయింది. తన గొయ్యి తానే ఇంత చక్కగా, ఇంత కచ్చితంగా కొలిచి తవ్వుకున్నవాడు ఇంకొకడుండడని పళ్ళ డాక్టరుకి అనిపించింది.

ఆయన చీటీ తీశారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు.

"నాన్నా! ఆఖరి వ్యాగన్ రాలేదేం?" లోపల్నించి కేక.

"వస్తుంది తల్లీ. సరుకు తనిఖీలో ఉంది!" పళ్ళ డాక్టర్ని ఆయన పైనుంచి కిందికి చూశారు. చెమట కారిపోతోంది అతనికి. ఆయన కలం తీసి, చీటీ అడుగున వంకరటింకరగా ఏదో గీకి, మళ్ళీ వ్యాగన్లో పెట్టారు. బండి చుట్టు తిరిగి రాగానే వెనక తగిలించి, ఈసారి స్టేషన్లో ఆపకుండా పంపేశారు.

లోపల బండి ఆగిన చప్పుడు. పళ్ళ డాక్టరు కన్నం కేసే చూస్తూ కూర్చున్నాడు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకునే తన పేషెంట్ల బాధ అతనికి జీవితంలో మొదటిసారి అర్థమైంది.

బండి బయటికొచ్చింది. నలుపు, ఎరుపు, ఎరుపు, గోధుమరంగు. ఆకుపచ్చది లేదు!

ఆనందం సరిగ్గా రెండు క్షణాలుంది. అక్కడా అయస్కాంతం ఉందిగా! బండి ఆగి, రవ్వంత వెనక్కి జరిగి, దానంతటది ఊడిపోయిందేమో! ఉంచుకుందో, ఊడిందో ఎలా తెలిసేది? ఇక ఉండబట్టలేక లోపలికి పరిగెత్తాడు.

వాచీలమ్మాయి బల్ల దగ్గరే కూర్చుని ఉంది. భూతద్దం నుదుటి మీదుంది, బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. ఆకుపచ్చ వ్యాగన్ పదిహేడు వాచీల మధ్య నిలబడి ఉంది. చీటీ ఆమె చేతిలో ఉంది. అడుగున గార్డుగారి వణుకు రాత: "తనిఖీ చేశాను. సరుకు మంచిదే. కాస్త భయస్తుడు."

"ఏమండీ, ఒక్కమాట చెప్పండి," అన్నాడు రొప్పుతూ. "ఇది... అయస్కాంతం విడదీసిందా, మీరు తీశారా?"

ఆమె కిటికీ అవతలికి వేలు చూపించింది. బయట గట్టు మీద, రెండు సన్నటి బద్దలు ఎండలో మెరుస్తున్నాయి.

"ఎవరిదో వాచీ ముందుకి పోతోందని పొద్దున్నే పీకి బయట పడేశాను డాక్టరుగారూ. వ్యాగన్ని నా చేత్తోనే తీశాను."