పదకొండూ ఇరవై

హత్య జరిగితే శవం ఉంటుంది. దొంగతనమైతే ఖాళీ బీరువా ఉంటుంది. ఈ కేసులో రెండూ లేవు. రెండు వారాలుగా, సరిగ్గా ఉదయం పదకొండూ ఇరవైకి, ఒక కంప్యూటర్లోంచి నెట్‌వర్క్ మాయమైపోతోంది. ముప్పావుగంట తర్వాత దానంతటదే తిరిగొస్తోంది.

హెడ్డుగారు ఆ ఇంటి గుమ్మం ఎక్కేసరికి పది యాభై. సైబర్ సెల్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాక ఆయన కంప్యూటర్లు బాగుచేస్తున్నారు. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? మెషీన్ కంటే ముందు మనుషుల మొహాలు చూశారు. ఒక్క మొహమూ బాగాలేదు.

కంప్యూటర్ పెద్దకోడలిది. డాక్టర్ల మాటలు హెడ్‌ఫోన్‌లో విని, టైపు చేసి, మధ్యాహ్నం పన్నెండులోపు ఆసుపత్రికి పంపే ఉద్యోగం. ఆ సాఫ్ట్‌వేర్ ఈ ఒక్క మెషీన్లోనే ఉంది. ఇప్పటికే రెండు వార్నింగులు వచ్చాయి. ఇవాళ ఫైలు ఆలస్యమైతే ఉద్యోగం ఊడినట్టే.

"వైరు పీకుతున్నది ఎవరో నాకు తెలుసండీ," అందామె. గొంతు తగ్గించలేదు. "సాక్ష్యం కావాలి, అంతే."

హాలు మూల చిన్నకోడలు నిలబడి ఉంది. పక్కన సర్దిన బ్యాగు. నిన్న భోజనాల దగ్గర పెద్దకోడలు అందరి ముందూ ఆమెకేసే చూస్తూ, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంది. ఆ మాట పడ్డాక ఆమెకు ఆ ఇంటి నీళ్లు కూడా సహించడం లేదు. పన్నెండున్నర బస్సుకి పుట్టింటికి వెళ్లిపోతానంటోంది.

హెడ్డుగారు నోట్‌బుక్ తీశారు.

"నెట్ పోయే టైముకి ఈవిడ ఎక్కడుంటుంది?"

"రౌటరు పక్కనే. పదకొండుంబావు దాటగానే ఈ హాల్లోంచి వెళ్తుంది. నా గదిలోకి కనిపిస్తుంది."

"ఎందుకు?"

"మామయ్యగారికి మందివ్వడానికి," అంది చిన్నకోడలు తలెత్తకుండా.

"నెట్ పోకుండా ఉన్న రోజుందా?"

"ఆదివారాలు సెలవు. మొన్న బుధవారం మాత్రం పోలేదు," అంది పెద్దకోడలు. "ఆ రోజు ఈవిడ పంటి డాక్టరు దగ్గరికెళ్లి పన్నెండు దాటాక వచ్చింది. ఇంకేం కావాలండీ?"

నిజమే. ఇంకో పోలీసైతే అక్కడే చార్జిషీటు రాసేసేవాడు. హెడ్డుగారు మాత్రం పెన్ను చెవి మీద పెట్టుకుని ఆలోచించారు. పోయేముందు స్క్రీన్ మీద ఏమైనా వస్తుందా అని అడిగారు. మూలన ఏదో చిన్న డబ్బా వస్తుందట. చెవిలో డాక్టరు మాట్లాడుతుంటే అది చదువుతూ కూర్చోవాలా అని మూసేస్తుందట. ఆ ముక్క కింద ఆయన రెండు గీతలు గీశారు.

కొడుకులిద్దరూ ఆ వేళకి పనిలో ఉంటారు. ఇక మిగిలిన సస్పెక్ట్ వెనక గదిలో ఉన్న మామగారు. రిటైరైన బస్సు కండక్టరు. మోకాలి ఆపరేషనై కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నెట్ గొడవలు తనకి తెలియవన్నారు. మందేసుకుని కాసేపు పేక ఆడుకుంటారట, అదీ ఒక్కరే. హెడ్డుగారు బల్లకేసి చూశారు. కళ్లజోడుంది, మూసిన పాత ల్యాప్‌టాప్ ఉంది. పేకముక్కలు మాత్రం లేవు.

పదకొండూ ఇరవై అయింది. పాతిక కూడా దాటింది. నెట్ నిక్షేపంగా ఉంది.

"చూశారా?" అంది పెద్దకోడలు. "మీరు కాపలా ఉన్నారని ఇవాళ వేలు పెట్టలేదు."

"ఇవాళ ఇంకోటి కూడా జరగలేదమ్మా. ఆయనకి మందివ్వలేదు. ఏదీ, మీరిచ్చి రండి. అయ్యాక రోజూలాగే ఆయన పని ఆయన్ని చేసుకోమనండి."

ఆమె మందుల డబ్బా తెరిచింది. లోపల మూడు రంగుల మాత్రలు. ఏది వెయ్యాలో తెలియక అలాగే నిలబడింది.

"తెల్లది, సగం," అంది చిన్నకోడలు. "నీళ్లు గోరువెచ్చగా ఉండాలి."

పదకొండూ ముప్ఫై నాలుగు. నెట్ పోయింది.

చిన్నకోడలు హాలు మూలే ఉంది, రెండు చేతులూ బ్యాగు మీదే ఉన్నాయి. రౌటరు లైట్లు పచ్చగా వెలుగుతున్నాయి. దాని వైఫై మీదే హెడ్డుగారి ఫోను చక్కగా పనిచేస్తోంది. స్క్రీన్ మూలన చిన్న డబ్బా వచ్చింది. అలవాటుగా పెద్దకోడలి చెయ్యి మౌస్ మీదికి పోయింది.

"ముయ్యకండి, చదవండి."

ఆమె చదివింది. ఈ కంప్యూటర్ అడ్రస్‌నే ఈ నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటర్ కూడా వాడుతోందని ఉంది.

"ఒక వీధిలో రెండిళ్లకి ఒకే డోర్ నంబరుంటే పోస్టుమాన్ ఏం చేస్తాడమ్మా? మీ ఉత్తరం వాళ్లింట్లో పడేస్తాడు. ఇక్కడా అంతే. వైరు ఎవరూ ముట్టుకోలేదు," అంటూ ఆయన వెనక గదికి దారితీశారు.

ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. తెర నిండా పేకముక్కలు. తెరవగానే అది రౌటరుకి తగులుకుంటుందని పెద్దాయనకి తెలియదు. హెడ్డుగారు సెట్టింగ్స్ చూశారు. అడ్రస్ చివర తొమ్మిది. పెద్దకోడలి మెషీన్‌కీ తొమ్మిదే.

"గేటు దగ్గర స్కూటరు నంబరు తొమ్మిది. గోడ మీద రాసున్న మీ ఫోను నంబరు చివర తొమ్మిది. ఏమిటండీ కథ, కండక్టరుగారూ?"

పెద్దాయన కళ్లజోడు తీసేశారు. "ముప్ఫై ఏళ్లు తొమ్మిదో నంబరు బస్సులో చేశానండీ. ఒక్క యాక్సిడెంటు లేదు. దీనికి పెద్దాడిచేత ఆ నంబరే పెట్టించుకున్నాను. తర్వాత ఇది పాడై అటకెక్కింది. పెద్దమ్మాయికి కంప్యూటర్ కొన్నప్పుడు దానికీ తొమ్మిదే పెట్టరా, ఉద్యోగం చల్లగా ఉంటుందన్నాను."

"మరి దీన్ని అటక దించిందెవరు?"

"చిన్నమ్మాయి. నాకు పొద్దు పోవట్లేదని రెండు వారాల కింద బాగుచేయించి ఇచ్చింది."

ఇకమీద నంబరు రౌటరే ఇచ్చుకునేలా హెడ్డుగారు పాతదాని సెట్టింగ్ మార్చారు. పదకొండూ నలభై ఒకటికి నెట్ వచ్చింది. పన్నెండుకి నాలుగు నిమిషాలుందనగా ఫైలు వెళ్లింది.

పెద్దకోడలు హాల్లోకొచ్చింది. "తప్పు నాది. నలుగురిలో అన్నాను, సాయంత్రం నలుగురిలోనూ చెబుతాను."

"చెబుతారు, సరే అక్కా. రెండు వారాలు నేను ఎటు నడిచినా నా చేతులకేసే చూశారు. దాన్నేం చేస్తారు?"

చిన్నకోడలు బ్యాగు భుజానికెత్తుకుంది. వెనక గదిలోంచి కర్ర చప్పుడు వినిపించింది. కండక్టరుగారు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"రైట్ రైట్ అనందే బస్సు కదలదమ్మా," అన్నారు. "నేను అనను."

హెడ్డుగారు చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశారు. బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది. కానీ చిన్నకోడలు మందుల డబ్బా ముందు కూర్చుంది, పెద్దకోడలి చేతిలో కాగితం ఉంది.

"రాసుకోండి," అంటోంది చిన్నకోడలు. "తెల్లది సగం. నీళ్లు గోరువెచ్చగా."