క్రషర్ గుంటలో ఆగిన చుక్క

ఇది నాకు మా చెల్లెలి కోడలు సరళ చెప్పింది. ముందుది వెనక, వెనకది ముందు రాస్తానేమో... అయినా మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, మూతపడిన కంకర క్రషర్ ఒకటి ఉంది. పక్కనే రాళ్లు తవ్విన గుంట. అక్కడ టైరు పంచరైనా లారీవాళ్లు బండి ఆపరు. ఆపితే గుంటలోంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట.

ఆత్మకూరులో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే రామనారాయణ ఈ మాటలకు నవ్వేవాడు — పోయినేటి తుఫాను దాకా.

అతనికి హామ్ రేడియో పిచ్చి — ఇంట్లోంచే దూరంవాళ్లతో మాట్లాడే సొంత రేడియో. స్నేహితుడు పెంచలనరసయ్యకూ అదే. రేడియోకు చిన్న పెట్టె తగిలించి బండి మీద పెట్టుకుంటే, తానెక్కడున్నదీ రెండు నిమిషాలకొకసారి అదే చెబుతుంది. ఇంట్లో కంప్యూటర్ మ్యాపు మీద ఒక చుక్క, పక్కన ఆ మనిషి కాల్‌సైన్, అంటే రేడియోలో అతని గుర్తు, కనబడతాయి. తుఫాను రాత్రి పెంచలనరసయ్య మోటారుసైకిల్ మీద ఊరూరికీ కబురు మోస్తున్నాడు. చుక్కలు చూస్తూ కూర్చునే పని రామనారాయణ ఒక్కడిదే.

ఆ సాయంత్రం పెంచలనరసయ్య రేడియోలో అందరూ వింటుండగా అన్నాడు — "ఏందిరా, నీ యాంటెన్నా మీద ఇంట్లోవాళ్లు చీరలు ఆరేసినారా? గొంతు తడితడిగా వస్తా ఉండాది."

అందరూ నవ్వారు. రామనారాయణకు ఒళ్లు మండింది.

తొమ్మిదింటికి చుక్క క్రషర్ దగ్గర ఆగింది. పదయింది... పదకొండయింది... కదలలేదు. "వాడే పిలవనీ" అనుకుని దుప్పటి కప్పుకున్నాడు.

తెల్లారాక గుంటలో బండి దొరికింది, మనిషీ దొరికాడు. ప్రాణం పోయి గంట కూడా కాలేదన్నారు. రామనారాయణ అందరికీ ఒకే మాట చెప్పాడు — "గుంటలోంచి సిగ్నల్ అందదు. నాకేమీ కనబడలేదు."

సరిగ్గా ఏడాదికి, రాత్రి తొమ్మిదింటికి, తెర మీద ఒక చుక్క వెలిగింది.

క్రషర్ గుంట. పక్కన పెంచలనరసయ్య కాల్‌సైన్.

వైర్లు పీకేశాడు. మర్నాడు చేతులు ఊరుకోక మళ్లీ తగిలించాడు — చుక్క అక్కడే. మూడోరాత్రి దాని కింద రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఆర్. ఏ.

రా.

రెండు నిమిషాలకు మళ్లీ... రా. మళ్లీ... రా. తాను పోకపోతే చుక్కే బయలుదేరి ఇంటికొస్తుందని భయం పట్టుకుంది. భార్యకు చెప్పకుండా స్కూటర్ తీశాడు.

గుంట అంచున నిలబడ్డాడు. అడుగున, చీకట్లో, చిన్న ఎర్రలైటు. ఆరకుండా... కదలకుండా.

రాళ్లు పట్టుకుని దిగాడు.

"నరసయ్యా... తప్పయిపోయిందిరా. ఆ పొద్దు కూడా నీ చుక్క చూసినాను. ఇట్లే ఈడనే ఆగి ఉండింది. కోపంతో రాలేదురా... చూసి కూడా పడుకున్నాను."

ఎర్రలైటు పైకి లేచింది.

దాని వెనక ఒక ఆడమనిషి. పెంచలనరసయ్య భార్య రేణుకాదేవి. కాళ్ల దగ్గర చుక్క పంపే ఆ పాత పెట్టె. చేతిలో మొగుడి రేడియో — మాట్లాడే బటన్ మీద బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టి ఉంది.

"సిగ్నల్ అందదంటివే అన్నా," అంది మెల్లగా. "మరి ఎట్లొచ్చినావు?"

ఆమె బొటనవేలు తీసింది. లైటు ఆరింది. ఆ చీకట్లో రేడియో గరగరమని, సంగం ఊరి నుంచి మాట్లాడే కామయ్య గొంతు పలికింది. ఆయన వాళ్ల హామ్ గుంపుకు పెద్ద.

"రేణుకమ్మా, అందరం వింటానే ఉన్నాము. గుంటలోంచి... ప్రతి మాటా బాగా అందింది."

సరళా, పేర్లు ఒకసారి సరిచూడమ్మా. ఆత్మకూరులో రామనారాయణలు ఇద్దరున్నారు. ఇది ఇంకొకరి మెడకు చుట్టుకోకూడదు.